కరెంటు క్షేమమని తేల్చిన కమిటీ

షాక్ కొట్టని కంప్యూటర్ కూడా ఒక కంప్యూటరేనా? కోప్పడకుండా ఆలోచించండి. లక్షలు పోసి తెచ్చిన యంత్రంలో కరెంటు ఉందో లేదో వేలు పెట్టగానే తెలిసిపోతుంటే, అంతకన్నా సౌకర్యం ఇంకేముంటుంది!

తార్నాక పక్కన మన యూనివర్సిటీలో కొత్తగా వెలసిన యంత్రం ఈ సౌకర్యం ధారాళంగా కల్పించింది. దానికి దుమ్ము పడదు. అందుకని వెళ్లేవాళ్లు చెప్పులు గుమ్మం బయటే విడవాలి. షాబాదు బండలను పొద్దున్నే తడిగుడ్డతో తుడవాలి. ఇంత మడి కట్టుకుని, వట్టి కాళ్లతో తడినేల మీద నిలబడి యంత్రాన్ని ముట్టుకుంటే చెయ్యి భుజం దాకా జివ్వుమనేది.

వారాసిగూడ నుంచి వచ్చే రీసెర్చ్ స్కాలర్ భారతమ్మ థీసిస్ వానల లెక్కల మీద. ఆ లెక్కలు చేత్తో వేస్తే ముసలితనం వస్తుంది, యంత్రం వేస్తే ఈ ఏడే డాక్టరేటు వస్తుంది. ఆమెకు డాక్టరేటూ కావాలి, ప్రాణమూ కావాలి. ఎంత అత్యాశో చూడండి! షాకు కొడుతోందని, ఎర్తు తీగ ఒకటి భూమిలోకి దింపితే తీరే పనని ఫిర్యాదు చేసింది.

ఫిర్యాదు వచ్చాక కమిటీ వెయ్యకుండా ఉంటారా? అధ్యక్షులు ప్రొఫెసర్ రాజలింగు గారు రబ్బరు అడుగు బూట్లతో వచ్చారు. అంతటివారిని బూట్లు విప్పమనడానికి ఎవరికి నోరొస్తుంది? ఆయన తలెత్తి చూశారు. బల్బు వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది. కరెంటు చాలినంత ఉందని తేలిపోయింది. తర్వాత యంత్రం మీద అరచెయ్యి ఆనించారు.

"ఏదమ్మా షాకు? నాకేం కొడ్తలేదు గద."

"బూట్లు ఇడ్సి ముట్టుకోండ్రి సార్, తెలుస్తది."

"ఒట్టి భయం నీది. ఆడపిల్లలకు మిషన్లంటే గంతే."

భారతమ్మకు ఒళ్లు మండిపోయింది. యంత్రం వాడుకోవడానికి మెషీన్ టైము ఇచ్చేది ఆయనే కాబట్టి దిగమింగుకుంది. కరెంటు పూర్తిగా క్షేమమని రిపోర్టు వెళ్లింది.

మర్నాడు ఆమె తార్నాకలో కొత్త హవాయి చెప్పులు కొని, శుభ్రంగా తుడిచి, గుమ్మం దగ్గర తొడుక్కుని లోపలికి వెళ్లింది. షాకు లేదు. లెక్కలు చకచకా సాగాయి. సాయంత్రానికి మెమో వచ్చింది. చెప్పులతో యంత్రానికి ప్రమాదం తెచ్చినందుకు మెషీన్ టైము రద్దు!

ఈసారి కమిటీ ఎంత శ్రద్ధగా పనిచేసిందో! రాజలింగు గారు స్వయంగా తడిబండల మీద మోకాళ్లూని, భూతద్దంతో దుమ్ము వెతికారు. లేవబోతూ ఒక చెయ్యి నేలకానించి, రెండో చేత్తో యంత్రాన్ని పట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన లేచిన వేగం ఆ వయసువాళ్లలో అరుదు.

అప్పుడైనా తెలిసొచ్చిందనుకుంటున్నారా? తెలిసింది. రెండో రిపోర్టు తర్కంలో ఎక్కడా లొసుగు లేదు. మొన్న యంత్రం క్షేమంగా ఉంది, అధ్యక్షులే పరీక్షించారు. ఇవాళ షాకు కొడుతోంది. మధ్యలో జరిగింది ఒక్కటే, భారతమ్మ చెప్పులతో రావడం. కాబట్టి యంత్రాన్ని పాడుచేసింది ఆమే!

మరి భూమిలోకి తీగ దింపారా అంటారా? దేనికండీ? ఫిర్యాదు చేసిన మనిషిని గదిలోకే రానివ్వడం లేదు కదా, ఇక ఆ గదిలో ఫిర్యాదే లేదు.