తాతమ్మ ఖాళీ కంచం

ఆ గురువారం పొద్దున కత్బర్ట్ మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. పదకొండు పుస్తకాలు ఒక అట్టపెట్టెలో సర్దాలి, ధ్రువపత్రం మీద సంతకం పెట్టాలి, శుక్రవారం మధ్యాహ్నం మూడున్నర పడవలో పెద్ద దీవి గ్రెనడాకి పంపించాలి. తర్వాత ఇంటికెళ్ళి సోమవారం దాకా పడుకోవాలి. ఆయన బడిలో బొమ్మలు నేర్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళయింది. కంటినిండా నిద్రపోయి కూడా అన్నేళ్ళే అయింది.

పిల్లల చేత బొమ్మలు వేయించడం ఆయనకి కష్టం కాదు. కష్టమంతా ఆ పుస్తకాలతోనే. పరీక్షా మండలివారికి బొమ్మ ఒక్కటే చాలదు. అది ఎలా పుట్టింది, ప్రేరణ ఎక్కడిది, వేస్తుంటే మనసుకేమనిపించింది, ఇదంతా పిల్లలు ఒక పుస్తకంలో సొంత మాటల్లో రాయాలి. రాసినదంతా వాళ్ళ నిజమైన అనుభవమేనని మాస్టారు సంతకం పెట్టాలి. పదహారేళ్ళ పిల్లల్ని నిలబెట్టి నీకు ప్రేరణ ఏమిటంటే వాళ్ళు మాత్రం ఏం చెబుతారు? ఈ ఏడాది పదకొండు మందిలో ఏడుగురు సూర్యాస్తమయం అని రాశారు. ఆ ఏడుగురిలో నలుగురి ఇళ్ళు కొండకి తూర్పున ఉన్నాయి. ఆ ఇళ్ళ నుంచి సూర్యుడు మునగడం చూసినవాళ్ళు ఇంతవరకూ లేరు.

కెజాయా అనే పిల్ల ఒక్కత్తే మొదట నిజం రాసింది. "ప్రేరణ ఏమీ లేదు. మాస్టారు వెయ్యమన్నారు, వేశాను." కానీ ఆ పిల్ల బొమ్మే అందరిలోకీ బాగుంది. ఒక మామూలు బల్ల, దాని మీద నీలం అంచు పింగాణీ కంచం. కంచం ఖాళీ. అందులో ఏదో ఉండి మాయమైనట్టు మసక గీతలు. చూస్తుంటే ఎందుకో గుండె బరువెక్కుతుంది. ఆ బొమ్మకి మంచి మార్కులొస్తే గ్రెనడా కాలేజీలో కెజాయాకి సీటు వచ్చినట్టే. పుస్తకం లేకపోతే బొమ్మకి మార్కులే లేవు. అందుకే సోమవారం మాస్టారు పుస్తకం తిరిగిచ్చి, "ఏదైనా సొంత సంగతి రాయవే తల్లీ. ఇంట్లోవాళ్ళ గురించో, కలల గురించో" అని బతిమాలారు. బుధవారం ఆ పిల్ల కొత్త పేజీ తెచ్చింది. అప్పటికి మాస్టారు తొమ్మిది పుస్తకాలు దిద్దారు, రెండు కళ్ళూ మూతలు పడుతున్నాయి. మొదటి రెండు వాక్యాలు చదివి, కింద ఎర్ర సిరాతో "భేష్! ప్రేరణ అంటే ఇదీ" అని రాసేశారు. బొమ్మ అంటించి, అట్ట వేసుకుని రేపు తెమ్మని ఇంటికి పంపారు.

గురువారం కెజాయా వచ్చింది. పుస్తకం రాలేదు.

"ఏదీ?" అన్నారు మాస్టారు.

"బల్ల మీద ఉంది సార్."

"ఏ బల్ల మీద?"

"ఇంట్లో, లోపలి గదిలో. అమ్మమ్మ తియ్యనివ్వట్లేదు."

"ఎందుకు తియ్యనివ్వదు? పరీక్ష ఆవిడ రాస్తోందా?"

"మీరు చదివారు కద సార్, తాతమ్మ కల్లోకొచ్చిందని."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "చదివాననుకో. మళ్ళీ ఒకసారి చెప్పు."

"అదే సార్. చచ్చిపోయిన డెల్ఫీన్ తాతమ్మ ఖాళీ కంచం పట్టుకుని నా మంచం పక్కన నిలబడింది. ఏం మాట్లాడలేదు. అలా చూస్తా ఉంది. పొద్దున్నే లేచి ఆ కంచమే బొమ్మ వేశాను అని రాశాను."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. మా కారియాకూ దీవిలో చనిపోయినవాళ్ళు ఊసుపోక కలలోకి రారు. వస్తే పని మీదే వస్తారు. ఖాళీ కంచంతో వచ్చారంటే ఆ పనేమిటో పసిపిల్లలు కూడా చెబుతారు. ఆకలేస్తోంది, విందు పెట్టండి అని. అప్పుడు పొయ్యి వెలిగించాలి, చుట్టాలని పిలవాలి, లోపలి గదిలో బల్ల మీద పెద్దలకి వడ్డించి తలుపు మూయాలి. వాళ్ళు తినేదాకా ఆ బల్ల మీద చెయ్యి పెట్టడానికి ఎవరికీ గుండె చాలదు.

"నిజంగా వచ్చిందా?"

"కల ఎక్కడిది సార్! వండిందేదైనా ముందు పెట్టుకుని చూసి వెయ్యమన్నారు కదా మీరు. వేయించిన చేపలు నాలుగు, సీమపనస ముక్క ఒకటి పెట్టుకున్నా. గీస్తుంటే ఆకలేసింది. ఒక చేప తినేశా. మరి బొమ్మలో కూడా ఒకటి చెరపాలి కదా. తర్వాత ఇంకోటి తిన్నా..."

"ఆ మసక గీతలు?"

"చేపలు సార్."

ఆ మసక గీతల మీద మాస్టారు మొన్న తరగతిలో అరగంట పాఠం చెప్పారు. అందులో మృత్యువు అనే మాట కూడా వాడారు. ఆ సంగతి ఇప్పుడు తలుచుకోదలచక లేచి నిలబడ్డారు. సాయంత్రం వెళ్ళి ముసలమ్మకి ఉన్నదున్నట్టు చెప్పేస్తే సరి అనుకున్నారు.

అయితే బోగల్స్ ఊళ్ళో ఆ ఇంటికి వెళ్ళేసరికి వాకిట్లో రెండు మేకలు కట్టేసి ఉన్నాయి. మూడేసి రాళ్ళ పొయ్యిలు మూడు పేర్చి ఉన్నాయి. కెజాయా పెద్ద మేనమామ రాల్ పడవలు కట్టే మనిషి. ఆయన ఎదురొచ్చి మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"రెండేళ్ళ నుంచి నా పడవ ఒడ్డు మీదే ఉంది మాస్టారూ! ఒక నెల కర్ర దొరకదు, ఒక నెల మేకులుండవు. ఎందుకా అనుకున్నా. మా అవ్వ ఆకలితో ఉంటే పడవ నీళ్ళలోకెలా దిగుతుంది?"

మధ్యాహ్నం రెండు దాటితే రాల్ సుత్తి ముట్టడని ఊరందరికీ తెలుసు. కానీ ఆ మాట ఎత్తే సమయం కాదు.

"నా వ్యాన్ గేర్‌బాక్స్ మూడుసార్లు పోయింది" అన్నాడు చిన్న మేనమామ ఎల్రాయ్. "అనవసరంగా మెకానిక్‌ని తిట్టాను పాపం."

అమ్మమ్మ ఎనిడ్‌కి డెబ్బై ఎనిమిదేళ్ళు. మనిషి పిడికెడంత ఉంటుంది, మాట మాత్రం ఊరంతా వినబడుతుంది. ఆవిడ మాస్టారిని లోపలికి తీసుకెళ్ళి బల్ల చూపించింది. తెల్ల దుప్పటి, కొవ్వొత్తి, మధ్యలో తెరిచిన పుస్తకం.

"ఈ గీతలు చూశావా నాయనా? ఇది చేప. మా అమ్మకి కనబడుతోంది, మనకి కనబడదు."

"అది చేపేనండి" అన్నారు మాస్టారు. ఆ రోజు ఆయన చెప్పగలిగిన నిజం అదొక్కటే. అయినా ధైర్యం కూడగట్టుకున్నారు. "ఎనిడమ్మా, ఒక్క మాట. పిల్లలు ఒక్కోసారి మార్కుల కోసం ఏదో ఒకటి..."

"భేష్ అని రాసింది ఎవరు?" ముసలమ్మ ఎర్ర సిరా మీద వేలు పెట్టింది. "నువ్వేగా? చదివే రాశావుగా?"

మాస్టారు కొవ్వొత్తి వైపు చూశారు. "చదివే రాశాను."

"మరింకేంటి? మీ అమ్మమ్మా, మా అమ్మా అక్కచెల్లెళ్ళ పిల్లలు. ఈ కంచంలో నీకూ భాగముంది. ఏం తెస్తావు?"

"మాస్టారింటి వెనకాల గొర్రె ఒకటి బాగా బలిసి ఉంది అత్తా" అని బయట నుంచి ఎవరో గుర్తుచేశారు. అది మాస్టారు క్రిస్మస్‌కని పెంచుకుంటున్న గొర్రె. వేలు పెడితే చెయ్యి, చెయ్యి పెడితే గొర్రె అన్నట్టయింది ఆయన పని.

శుక్రవారం పొద్దునకి సంగతి దీవి దాటిపోయింది. పెటీ మార్టినీక్ నుంచి ఒక పడవ నిండా చుట్టాలు దిగి, మా అవ్వకి మేం లేకుండా విందేమిటని ముందు పోట్లాడి, తర్వాత బియ్యం మూటలు దింపారు. బడిలో హెడ్‌మిస్ట్రెస్ కూడా డెల్ఫీన్‌కి ఏదో వరసలో మనవరాలేనట. కుటుంబ అవసరం అని రాసి మధ్యాహ్నం నుంచి బడికే సెలవిచ్చేసింది. కలలు కూడా ఎక్కువయ్యాయి. డెల్ఫీన్ తన కల్లోకి వచ్చి జాక్ ఐరన్ రమ్ము అడిగిందని ఒక పెద్దాయన చెప్పాడు.

"ఆవిడ జన్మలో చుక్క ముట్టలేదయ్యా!" అన్నాడు ఎల్రాయ్.

"పోయాక అలవాటయిందేమో" అన్నాడాయన. సీసా తెప్పించక తప్పలేదు.

మాస్టారు పది పుస్తకాల పెట్టె చంకలో పెట్టుకుని పన్నెండున్నరకి వచ్చారు. అప్పటికే పెద్దలకి వడ్డించి లోపలి గది తలుపు మూసేశారు. ఎలాగైనా పుస్తకం ఇప్పించమని అడగబోతే ఎవరో ఆయన చేతిలో తెడ్డు పెట్టారు. పెద్ద గుండిగలో మొక్కజొన్న పిండి ఉడుకుతోంది.

"కలపండి మాస్టారూ, ఆపితే గడ్డ కట్టేస్తుంది!"

రెండుంబావు దాకా ఆయన ఆపలేదు. చొక్కా తడిసిపోయింది, కళ్ళలో పొగ. వెనక డప్పులు పొయ్యి సెగకి కాచుకుంటున్నారు. నిలబడే నిద్రపోవడం సాధ్యమేనా అని ఆయన ఆలోచిస్తుండగా కెజాయా పక్కన చేరింది. ఏడ్చినట్టుంది.

"సార్, నేను చెప్పేస్తాను."

"వద్దు. రెండు మేకలు, మూడు గుండిగలు, వందమంది చుట్టాలు. నా గొర్రె. ఇప్పుడు చెబితే నిన్ను బతకనిస్తారా?"

"చెప్పకపోతే పుస్తకం రాదు. వచ్చినా అందులో ఉన్నది అబద్ధం. నిజమని మీరెలా సంతకం పెడతారు?"

పిల్ల వంటింటి వెనక్కి నడిచింది. ఆయన తెడ్డు చేత్తో పట్టుకునే వెంట వెళ్ళారు.

ముసలమ్మ చాప మీద కూర్చుని అన్నం ముద్దలు చుడుతోంది. కెజాయా చేపల దగ్గర మొదలుపెట్టి కల దాకా అంతా చెప్పి, నేల చూపులు చూస్తూ నిలబడింది. ముసలమ్మ చేతిలో ముద్ద పూర్తి చేసి పక్కన పెట్టింది.

"అయిందా? నాకు బుధవారమే తెలుసు."

"ఎలా తెలుసు అమ్మమ్మా?"

"మా అమ్మ నోరు మూసుకుని నిలబడిందని రాశావే! ఆవిడ బతుకంతా ఒక్క రోజు నోరు మూసుకుని ఉందా? ఆకలేస్తే ముందు తిట్టేది, తర్వాత కంచం తీసేది."

"మరి... ఇదంతా?" అన్నారు మాస్టారు తెడ్డుతో వాకిలంతా చూపిస్తూ.

ముసలమ్మ గొంతు మొదటిసారి తగ్గింది. "నిజంగా వస్తోంది నాయనా. తొమ్మిదేళ్ళ నుంచి నా కల్లోకి వస్తోంది, తిడతానే వస్తోంది. రాల్‌కి చెబితే నీకు తిన్నది అరగలేదు అన్నాడు. ఎల్రాయ్‌కి చెబితే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ముసలిదాని కల ఎవడిక్కావాలి? రేపు నేను పోయాక, నాకు ముద్ద పెట్టలేకపోయావా అని ఆవిడ అడిగితే ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? అదే నా దిగులు. ఈ పిల్ల బళ్ళో పుస్తకంలో రాసింది, కింద నువ్వు ఎర్ర సిరాతో భేష్ అన్నావు. ఆ పేజీ చూపించాను. గంటలో రెండు మేకలొచ్చాయి."

కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ ముద్ద చుట్టడం మొదలుపెట్టింది. మాస్టారికి కూడా కళ్ళు మండాయి. అది పొగ వల్ల కాదని ఆయనకి తెలుసు. ఇరవై రెండేళ్ళలో తన ఎర్ర సిరాకి ఒక్క పిల్లాడు అక్షరం దిద్దుకున్నది లేదు. అలాంటిది రెండు మేకల్ని కదిలించింది, అదీ తాను చదవని పేజీ మీద.

"మూడున్నరకి పడవండీ" అన్నారు మెల్లగా. "కానీ పెద్దలు తినేదాకా ఆ బల్ల..."

"మా అమ్మ బతికుండగా పది నిమిషాల్లో తిని లేచేది. పన్నెండింటికి వడ్డించాం. ఈపాటికి కంచం కడిగి బోర్లించి కూడా ఉంటుంది." ముసలమ్మ లేచి వెళ్ళి పుస్తకం తెచ్చి మనవరాలికిచ్చింది. "ఆ పేజీ మాత్రం చింపి నాకియ్యి. రాల్ పడవ నీళ్ళలో దిగేదాకా నా దగ్గరుండాలి."

కెజాయా బోర్లించిన తొట్టి మీద పెట్టుకుని కొత్త పేజీ రాసింది. "నా ప్రేరణ ఆకలి. చేపల్ని చూసి వేద్దామని కూర్చుని, వేస్తూ తినేశాను. ఉన్న చేపని గియ్యడం కన్నా తినేసిన చేపని చెరపడం కష్టమని తెలిసింది." మాస్టారు ఈసారి ప్రతి అక్షరం చదివారు. రెండుసార్లు చదివారు. సంతకం పెట్టారు. ఎల్రాయ్ వ్యాన్ ఒక్కసారి కూడా ఆగకుండా హిల్స్‌బరో రేవుకి చేరింది. అవ్వ కడుపు నిండిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని ఎల్రాయ్ దారంతా చెబుతూనే ఉన్నాడు. పడవ కదులుతుండగా పెట్టె ఎక్కింది. మాస్టారు తిరిగొచ్చి, తన గొర్రె తనే రెండు ముక్కలు తిని, ఇంటికెళ్ళి ఆదివారం సాయంత్రం దాకా నిద్రపోయారు.

ఆగస్టులో ఫలితాలొచ్చాయి. కెజాయాకి మంచి మార్కులొచ్చాయి, కాలేజీలో సీటు కూడా వచ్చింది. ఆ వారమే రాల్ పడవ నీళ్ళలోకి దిగింది. ఫలితాలతో పాటు మాస్టారికి పరీక్షా మండలి నుంచి ఒక సూచన కూడా వచ్చింది. "కెజాయా అనే విద్యార్థిని చెప్పిన ప్రేరణ నిజాయితీగా ఉంది. కానీ ఆమెకు తమ దీవి ఆచారాలతోనూ, ఇంటి పెద్దలతోనూ బొత్తిగా పరిచయం లేనట్టు కనిపిస్తోంది. ఇకముందు ఉపాధ్యాయులు ఈ విషయంలో శ్రద్ధ తీసుకోగలరు."

మాస్టారు ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టి, సెప్టెంబరులో కొత్త తరగతికి మొదటి రోజునే బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసేశారు: అందరి ప్రేరణ సూర్యాస్తమయం.