వెన్నునీటి తీర్థం

"ఇకనుంచి ఈ రాష్ట్రంలో ఏ పశువుకీ మతి తప్పడానికి వీల్లేదు!" అని పశుసంవర్ధక శాఖ మంత్రి వెంకటరాఘవయ్యగారు ప్రకటించిన రోజు నేను తెనాలిలో మా పత్రిక ఆఫీసులో ఉన్నాను. చదివి పులకించిపోయాను. మనుషుల మతి సంగతి మంత్రిగారు ఎత్తలేదు. అది వేరే శాఖ కిందకి వస్తుంది.

నెల తిరక్కుండా తెనాలి శివార్లలో, అంగలకుదురు రోడ్డులో ఖాళీగా పడున్న ఎరువుల గోడౌనుకి సున్నం కొట్టి, "పశు మస్తిష్క వ్యాధి నిర్ధారణ కేంద్రం" అని బోర్డు పెట్టారు. గొడ్డు వెన్నులోంచి కాస్త నీరు తీసి పరీక్షిస్తే దాని మెదడుకి పట్టిన జబ్బేంటో తెలుస్తుందట. ఆ పనికి ఫారిన్ మిషన్ వచ్చింది. ఆ మిషన్ కోసం ట్రైనింగయిన డాక్టర్ శ్రీనివాసరావు కూడా వచ్చాడు.

"నీరు తీశాక గంటలోపు చూసెయ్యాలండి. ఆలస్యమైతే శాంపిల్ పనికిరాదు" అన్నాడు నాతో. పాపం, మంత్రుల ప్రోగ్రాముల గురించి ట్రైనింగులో ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

ప్రారంభోత్సవానికి జబ్బు గేదె కావాల్సొచ్చింది. పార్టీ టౌన్ ప్రెసిడెంటు వెంకటరత్నం తన గేదెల్లో ఏదో ఒకటి ఇస్తానన్నాడు గానీ వాటన్నిటికీ బుర్రలు బాగానే ఉన్నాయి. ఇంతలో రేపల్లె దగ్గర పల్లె నుంచి కాంతమ్మ అనే ఆవిడ తన గేదెని ట్రాక్టరు మీద తీసుకొచ్చింది. మొగుడు పోయాక ఆ గేదె పాల మీదే కూతుర్ని టీచర్ ట్రైనింగు చదివిస్తోందట. గేదె నోట్లోంచి చొంగ తీగలు సాగుతోంది. తలని గోడకేసి నొక్కుతోంది.

"గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని చెయ్యి పెట్టి కెలికానండి. ఏం దొరకలా" అంది కాంతమ్మ. ఆ చేతికి కొడవలి తెగి గుడ్డ కట్టుంది.

డాక్టరు ఆ గుడ్డ వంక చూసి, "అమ్మా, దీన్ని ఈమధ్య ఎప్పుడైనా..." అని మొదలుపెట్టాడు.

"ప్రశ్నలు తర్వాత డాక్టరుగారూ! ముందు గేదెకి బొట్టు పెట్టించండి, ఫోటోగ్రాఫరొచ్చాడు" అన్నాడు మంత్రిగారి పి.ఎ. రంగనాయకులు. గేదెకి బొట్టు పెట్టారు. దండ వేస్తే అది దండ తినబోయి, మింగుడుపడక వదిలేసింది.

మంత్రిగారు పదింటికొస్తారని తొమ్మిదిన్నరకే నీరు తీశారు. నలుగురు మనుషులు తాళ్ళేసి పట్టుకుంటే డాక్టరు నడుము చివర సందులో సూది దించాడు. నీరు తేటగా, చుక్క చుక్కగా గాజు సీసాలోకి దిగింది. ఎంత బాగా చేశాడంటే, ఆ మనిషి ఆ ఉద్యోగంలో ఎక్కువకాలం ఉండడని నాకప్పుడే అనిపించింది.

మంత్రిగారు ఒంటిగంటకొచ్చారు. దార్లో ఆయనకి రెండు కళ్యాణ మండపాలూ ఒక గుడీ తగిలాయి.

శాంపిల్‌ని మంత్రిగారే స్వహస్తాలతో మిషన్లో పొయ్యాలని రంగనాయకుల ప్లాను. అంతటి శాంపిల్‌ని ఉత్త సీసాతో అందిస్తే బాగుండదు కదా. వెండి గిన్నెలోకి వంపించాడు. గిన్నెని వెండి పళ్ళెంలో పెట్టించాడు. చుట్టూ పసుపు, కుంకుమ, బంతిపూలు. అందంగా ఉంటుందని పైన రెండు తులసాకులు కూడా వేశాడు. పళ్ళెం పట్టుకునే గౌరవం వెంకటరత్నానికి దక్కింది.

మంత్రిగారు కొబ్బరికాయ కొట్టారు, రిబ్బను కత్తిరించారు. ఎదురుగా పళ్ళెం కనిపించింది. పొద్దుట్నించీ అలవాటైన చెయ్యి కదా, తనంతట తనే దొప్పలా ముందుకొచ్చింది. మంత్రిగారు చాపిన చెయ్యి ఖాళీగా వెనక్కి వెళ్ళడం వెంకటరత్నం రాజకీయ జీవితంలో ఎన్నడూ జరగలేదు. ఉద్ధరిణె లేకపోతే గిన్నెతోనే వంచాడు.

మంత్రిగారు కళ్ళు మూసుకుని తీర్థం పుచ్చుకుని, తడి చెయ్యి తలకి రాసుకున్నారు.

డాక్టరు "సార్!" అన్నాడు. బ్యాండు మేళంలో అది వినిపించలేదు. ఈలోగా జిల్లా నాయకులు, మండల నాయకులు, యువజన నాయకులు చేతులు చాపారు. నేను ముందు నేను ముందని తోసుకున్నారు. కొందరికి తులసాకు మాత్రమే దక్కింది. కాంతమ్మ ఇదంతా చూస్తూ నిలబడింది. వాళ్ళది లూథరన్ చర్చి. ఇదేదో వీళ్ళ పద్ధతి కాబోలనుకుని ఊరుకుంది.

"ఇప్పుడు మిషన్లో ఏం పొయ్యాలండి?" అన్నాడు డాక్టరు, నీరుగారిపోయి.

రంగనాయకులు గొప్ప అడ్మినిస్ట్రేటరు. నేల మీద కొబ్బరిచిప్పలో మిగిలిన నీళ్ళు కనిపించాయి. మంత్రిగారు వాటినే మిషన్లో పోసి బటన్ నొక్కారు. ఫారిన్ మిషన్ కదా, ఎవర్నీ నొప్పించలేదు. జబ్బు లక్షణాలేమీ లేవు, చక్కెర మాత్రం కాస్త ఎక్కువుందని తేల్చింది.

"గేదె సంపూర్ణ ఆరోగ్యంతో ఉంది!" అని మంత్రిగారు మైకులో చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. గేదె గోడకి తల కొట్టుకుంది.

మీటింగయ్యాక డాక్టరు పొద్దుట ఆగిపోయిన ప్రశ్న పూర్తి చేశాడు.

"అమ్మా, దీన్నెప్పుడైనా కుక్క కరిచిందా?"

"కరిచిందండి. నెల్లాళ్ళ కిందట పెసరచేలో. నల్లకుక్క. చొంగ కార్చుకుంటా వచ్చి కాలు పట్టుకుంది."

డాక్టరు రంగనాయకుల్ని పక్కకి లాక్కెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

"పిచ్చికుక్క జబ్బయ్యుండొచ్చండి. రిపోర్టు మార్చాలి. ఆవిడ చేతికి గాయముంది, ఇంజెక్షన్లు చేయించాలి."

"రిపోర్టు మారిస్తే మంత్రిగారు తాగిందేంటని అడగరూ?" అన్నాడు రంగనాయకులు. "గేదె ఆరోగ్యంగా ఉంది. మైకులో చెప్పేశాం."

ఆ గేదె మూడో రోజుకి సంపూర్ణ ఆరోగ్యంతో చచ్చిపోయింది. ఆ సాయంత్రమే డాక్టరు కాంతమ్మకి కబురు పంపాడు, బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు వేయించుకోకపోతే ప్రాణానికే ప్రమాదమని. మర్నాడు ఆయన్ని లాంగ్ లీవులో పంపారు.

కాంతమ్మ రేపల్లెలో ఒక ఆస్పత్రికి వెళ్ళింది. అక్కడి గుమాస్తా మా పేపర్ తీసి చూపించాడు. "గేదెకి జబ్బు లేదని మంత్రిగారే చెప్పారు గదమ్మా. గవర్నమెంటు మాట నమ్మవా? అయినా మందు లేదు. స్టాకంతా నిన్న బాపట్ల పంపమని పైనుంచి ఫోనొచ్చింది."

ఆ పేపర్లో వార్త రాసింది నేనే. అందుకని ఆవిడ తిన్నగా మా ఆఫీసుకొచ్చింది. "బాబూ, నాకేమన్నా అయితే నా పిల్లనెవరు చూస్తారండి?" అంది. అంతవరకూ నాకు నవ్వులాటగా ఉన్న వ్యవహారం కాస్తా అక్కడితో ఒళ్ళు మండించింది. ఆవిణ్ణి తీసుకుని బాపట్ల బస్సెక్కాను.

బాపట్లలో ఓ ప్రైవేటు నర్సింగ్‌హోం. పెద్ద హాల్లో వరసగా మంచాలు. మంచానికో ఖద్దరు నాయకుడు, చొక్కా పైకి లాక్కుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. జిల్లా, మండల, యువజన విభాగాలన్నీ ప్రోటోకాల్ ప్రకారమే పడుకున్నాయి. తులసాకు మాత్రమే దక్కినవాళ్ళు వరండాలో ఉన్నారు. మొదటి మంచం మీద మంత్రిగారు.

నన్ను చూడగానే రంగనాయకులు ప్రెస్‌నోటు చేతిలో పెట్టాడు. "కేంద్రం ప్రారంభోత్సవంలో ఒక కుక్క మంత్రిగారిని కరిచింది. ఆయన్ని కాపాడబోయిన కార్యకర్తల్ని కూడా వరసగా కరిచింది. రాసుకోండి."

ఇంజెక్షన్లు వేస్తున్న నర్సింగ్‌హోం డాక్టరు కాంతమ్మ వంక చూశాడు. "నీకేమైందమ్మా? గేదె ద్వారా అంటే కుదరదు. దానికి జబ్బు లేదని రిపోర్టుంది. ఇక్కడ కుక్క కరిచినవాళ్ళకే."

కాంతమ్మ మంచాల వరసంతా ఒకసారి చూసింది. గుడ్డ కట్టిన చెయ్యి ముందుకి చాపింది.

"నన్నూ ఆ కుక్కే కరిచిందండి. మంత్రిగారిని కరిచిందే. నేనక్కడే ఉన్నాగా."

హాలంతా మంత్రిగారి వంక చూసింది. ఆయన కాసేపు ఫ్యాను వంక చూశారు. నా చేతిలో పెన్ను వంక చూశారు.

"అవునయ్యా. ఈ చెల్లెమ్మని కూడా కరిచింది. నేను కళ్ళారా చూశాను. వెయ్యండి."

కాంతమ్మ చివరి మంచం మీద కూర్చుంది. డాక్టరు సిరంజి పక్కన పెట్టి కేసు షీటు అందుకున్నాడు.

"కుక్క ఏ రంగు?"

"తెలుపు" అన్నారు మంత్రిగారు.

"నలుపండి" అంది కాంతమ్మ.

ఇద్దరూ ఒక్కసారే అన్నారు. డాక్టరు ఆవిడ వంక చూశాడు, ఆయన వంక చూశాడు. తల వంచుకుని "మచ్చల కుక్క" అని రాసుకుని, సిరంజి తీసుకున్నాడు.