వర్గమూలం మరిచిన దూరం

ఆ ఉదయం అమ్మమ్మ రెండే పనులు పెట్టుకుంది: పాలు కాచడం, ఏడవకుండా ఉండడం. ఎదురింట్లో ఏళ్ళ తరబడి అద్దెకుంటున్న కూతురి సంసారం మధ్యాహ్నానికల్లా వేరే పేటకు తరలిపోతోంది. ఆ ఇంట్లోకి కొత్తవాళ్ళు కూడా ఇవాళే దిగుతున్నారు. వీధిలో వ్యాను నిలబడింది. బీరువా ఎక్కింది, మంచాలు ఎక్కాయి, అద్దం పగలకుండా పట్టుకోమని మనవరాలిని కూడా ఎక్కించారు.

“ఎంతో దూరం కాదత్తయ్యా, దగ్గరే,” అన్నాడు అల్లుడు. కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాడు కాబట్టి దూరాల గురించి ధీమాగా మాట్లాడతాడు.

ఆ మాట మీద అమ్మమ్మకు నమ్మకం లేదు. ఆవిడను వదిలి వెళ్ళినవాళ్ళందరూ దగ్గరికే వెళ్ళారు. అన్నయ్య దగ్గరే అన్నాడు, స్నేహితురాలు దగ్గరే అంది, ఆఖరికి మొగుడు కూడా ఆస్పత్రి దగ్గరేగా అంటూ వెళ్ళాడు. అందుకని ఆవిడ మాటలు మానేసి లెక్కలు పట్టుకుంది. బడి మొహం చూడకుండా, పొట్లాలు కట్టిన కాగితాల మీద చదువు నేర్చుకున్న మనిషి. ఈమధ్య మనవరాలి పదో తరగతి లెక్కల పుస్తకం చదువుతోంది. కథల పుస్తకాలకన్నా అదే నయమంటుంది, చివర్న ఎవరూ చావరు కాబట్టి.

పాలు పొయ్యి మీద పెట్టి, ఊరి పటం మీద గళ్ళు గీసింది. ఒక గడి ఒక కిలోమీటరు. తన పొయ్యిని మూలబిందువు చేసింది. ఊరంతా తన పొయ్యి చుట్టూ ఉండడం ఆవిడకు సహజంగానే తోచింది. కొత్త ఇల్లు తూర్పుకు మూడు గళ్ళు, ఉత్తరానికి నాలుగు. మూణ్ణి మూడుతో హెచ్చిస్తే తొమ్మిది, నాలుగుని నాలుగుతో హెచ్చిస్తే పదహారు, రెండూ కలిపితే పాతిక. ఇంకొక్క మెట్టు మిగిలి ఉండగా పాలు పొంగాయి. పొయ్యి ఆర్పి, గట్టు తుడిచి, గుడ్డ పిండి ఆరేసి వచ్చేసరికి కాగితం మీద పాతిక మాత్రం ఆవిడ వంక చూస్తోంది.

“పాతిక కిలోమీటర్లా!” అని అక్కడే కూలబడింది.

కేక విని కూతురు పరుగున వచ్చింది. “ఏమైందమ్మా? కాల్చుకున్నావా?”

“నన్ను కాదే, నిన్ను తగలేస్తున్నాడు మీ ఆయన. పాతిక కిలోమీటర్లు! ఇదిగో, సూత్రం.”

కూతురికి సూత్రం అర్థం కాలేదు కానీ, తల్లి లెక్క తప్పగా ఎన్నడూ చూడలేదు. చేతిలోని చీపురుతోనే వీధిలోకి వెళ్ళింది.

“ఏవండీ, ఆ ఇల్లు ఎంత దూరం?”

“దగ్గరే.”

“దారి చెప్పండి చూద్దాం.”

అల్లుడు నీళ్ళు నమిలాడు. “బ్రోకరు స్కూటరు వెనకాల కూర్చున్నానే. కంట్లో దుమ్ము పడింది. దారి పొడుగునా కళ్ళు మూసుకునే ఉన్నా.”

“ఊరందరికీ కళ్ళద్దాలు అమ్ముతారు, మీరు మాత్రం కళ్ళు మూసుకుని ఇల్లు చూసొస్తారా?”

పరువు పోయిన అల్లుడు ఆ కోపం బ్రోకరు మీదికి మళ్ళించాడు. “పాతిక కిలోమీటర్లను పట్టుకుని అయిదేనని చెప్తావా? మా అత్తగారు సూత్రం కట్టి మరీ తేల్చారు!” అని ఫోనులో అరిచాడు.

“అయిదే సార్. రోజూ తిరిగే దారి.”

“నీ దారి నాకొద్దు, నీ ఇల్లూ వద్దు!”

“వద్దంటే మానెయ్యండి. ఆ ఇంటి కోసం ఒకాయన పొద్దుట్నుంచీ నా ముందే కూర్చున్నాడు. తాళం ఆయనకే ఇచ్చేస్తున్నా.”

ఇచ్చేశాడు కూడా. అదే సమయానికి కొత్తవాళ్ళ వ్యాను వచ్చి, వెనకాల హారను మోగించడం మొదలుపెట్టింది. ఆ గోలకు మనవరాలు అద్దాన్ని మంచానికి ఆనించి దిగొచ్చి, అమ్మమ్మ చేతిలోని కాగితం చూసింది.

“ఇక్కడితో ఆపేశావేంటి అమ్మమ్మా? వర్గమూలం తియ్యొద్దూ? పాతిక్కి అయిదు.”

“పాలు పొంగాయే,” అంది అమ్మమ్మ, చాలా చిన్న గొంతుతో.

వ్యాను డ్రైవరు గుమ్మంలోకి వచ్చి అడిగాడు: “అమ్మగారూ, ఇంతకీ సామాను ఎక్కడ దించమంటారు?”

అమ్మమ్మవి రెండే గదులు. బీరువా వంటింటి గుమ్మంలో ఇరుక్కుని అక్కడే స్థిరపడింది. మంచాల కింద మంచాలు దూర్చారు. అయినా ఆవిడ మొహం వెలిగిపోయింది. ఎవరూ వెళ్ళలేదు! అందరికీ పాలు ఇచ్చింది, దొరికిన గ్లాసుల్లో.

ఆ వెలుగు వారం తిరక్కుండానే కొడిగట్టింది. అల్లుడు తెల్లవారకముందే పుక్కిలించడం మొదలుపెడతాడు. ఎవరో మునిగిపోతున్నారేమోనని ఆవిడ రోజూ ఉలిక్కిపడి లేస్తుంది. కూతురు డబ్బాలన్నీ సర్దేసింది. ఏది ఎక్కడుందో తెలియక, ఉప్పు కావాలంటే ఇప్పుడు ఉప్పునే పేరు పెట్టి పిలవాలి. మనవరాలు లెక్కల పుస్తకం తనే చదువుకుంటోంది. ఏడవడానికి ఒక మూల కూడా ఖాళీ లేదు.

“రెండు బిందువులూ ఒక్కచోటే అమ్మమ్మా. మన మధ్య దూరం సున్నా,” అని నవ్వింది మనవరాలు.

ఈసారి అమ్మమ్మ వర్గమూలం కూడా తీసి చూసింది. సున్నాయే వచ్చింది. ఫోను తీసుకుని, బీరువా పక్కనుంచి అడ్డంగా జరిగి, మెట్ల మీదికి వెళ్ళి బ్రోకరుకు చేసింది.

“నాయనా, మా అమ్మాయి వాళ్ళకి ఇల్లు చూడాలి.”

“మళ్ళీ మీరేనా! ఎంత దూరంలో కావాలో ముందే తేల్చి చెప్పండమ్మగారూ.”

అమ్మమ్మ లోపలికి ఓసారి చూసి, గొంతు తగ్గించింది. “అది అరిస్తే నాకు వినపడకూడదు. ఏడిస్తే వినపడాలి.”

అలాంటి ఇల్లు ఇంకా ఎవరూ కట్టలేదని చెప్పి బ్రోకరు ఫోను పెట్టేశాడు.