మేనేజరు గారి దొంగ మెయిళ్లు

ఆ ఉదయం సర్వరమ్మ పెట్టుకున్న పని చిన్నదే. ఆఫీసు మెయిల్ సర్వర్‌ని చూసుకునే ఆవిడకి సిబ్బంది ముద్దుగా పెట్టిన పేరది. ఆఫీసు పేరుతో వచ్చే ప్రతి మెయిల్ మీదా సర్వర్ వేసే డిజిటల్ సంతకం ఉండాలి, లేకపోతే గుమ్మంలోనే ఆపేయాలి. ఆ ఫిల్టర్ ఆన్ చేసి వేరే పనిలో పడింది. గంట తిరక్కముందే మేనేజరు ఊడిపడ్డాడు.

"మీటింగుకి పిలిస్తే ఒక్క పురుగు రాలేదు! నా మెయిల్ ఏమైంది?"

"దొంగదని సర్వర్ ఆపేసిందండీ."

"నా మెయిల్ దొంగదా?"

"సంతకం లేదు మరి. ఎక్కణ్ణించి పంపారు?"

మేనేజరు నసిగాడు. రోజూ ఆయన గడ్డం గీసుకుంటూ చెబుతుంటే, భార్య తన సొంత కంప్యూటర్లో టైపు చేసి, ఆయన పేరు తగిలించి పంపేది. అలాంటి మెయిల్‌కి ఆఫీసు సంతకం ఎక్కణ్ణించి వస్తుంది?

"ఫిల్టర్ తీసెయ్. పోనీ, నా ఒక్కడి పేరూ వదిలెయ్."

"వదలనండీ. రేపు మీ పేరు పెట్టుకుని ఏ దొంగైనా దూరతాడు."

"నీ ఉద్యోగం తీసేస్తా!"

"తీసేయండి. నేను మాత్రం ఫిల్టర్ తీయను."

మేనేజరు అక్కడికక్కడే ఇంట్లో భార్యకి ఫోను చేసి, సర్వరమ్మని తొలగిస్తున్నట్టు ఆర్డరు చెప్పి పంపమన్నాడు. సర్వర్ దాన్నీ ఆపేసింది. మళ్లీ చెప్పాడు, ఇంకాస్త ఘాటుగా. అదీ రాలేదు. అరుపులకి ఆఫీసంతా అక్కడే పోగైంది.

"ఆపినవన్నీ పెద్ద తెర మీద తెరువు. అందరూ చూడాలి!"

తెరిచింది. మీటింగు మెయిల్ ఉంది, తొలగింపు ఆర్డర్లు రెండూ ఉన్నాయి. వాటి కింద మరొకటి: "ఇందాకటివి కోపంలో ఇచ్చినవి, పట్టించుకోకండి. ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అనొద్దు. ఈ శనివారం అందరికీ సెలవు."

"ఇది నేను చెప్పలేదే!" అన్నాడు మేనేజరు.

"అయితే పోయిన నెల సెలవు..." అన్నాడు అకౌంటెంటు.

"నేనెప్పుడిచ్చాను సెలవు?"

"ఇన్నాళ్లూ మిమ్మల్ని దేవుడనుకున్నామండీ!"

మేనేజరు గిర్రున సర్వరమ్మ వైపు తిరిగాడు. "భేషైన ఫిల్టరు! నీ ఉద్యోగానికి ఢోకా లేదు, జన్మలో దీన్ని తీయకు." సిబ్బంది మాత్రం ఆవిడ చుట్టూ మూగారు. "తీసెయ్ తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

సర్వరమ్మకి ఒళ్లు మండింది. "ఎవరు చెప్పినా తీయను. మీ ఇంట్లో మేడంకి ఆఫీసు మెయిల్ ఖాతా తెరుస్తాను. ఆవిడ మాట ఆవిడ పేరుతోనే రావాలి."

"ఎవరినడిగి?"

"వద్దని మీరే ఇంటికెళ్లి చెప్పండి."

మేనేజరు చెప్పలేదు. మర్నాడు భార్యాభర్తల మెయిళ్లు రెండూ సంతకాలతో సహా వచ్చాయి. సిబ్బంది ఒక్కటే తెరిచారు, మేడంది.