అధ్యక్షులవారు దయచేసి ఓడిన ఆట

వడమాలపేటలో తొమ్మిదో తరగతి చదువుతున్న కుమారి హేమశ్రీ చెన్నైలో ఒక యూరప్ గ్రాండ్‌మాస్టర్‌ను చదరంగంలో ఓడించిన సంగతి జిల్లా ప్రముఖులకు మూడు రోజులు ఆలస్యంగా తెలిసింది. తెలిసిన మర్నాడు ఉదయం పది గంటలకు జిల్లా మేధోక్రీడల ప్రోత్సాహక సమితి ఆవిర్భవించింది. పదిన్నరకు దానికి అధ్యక్షుడు దొరికాడు. ఈ అమ్మాయిని సమితి గత ఆరేళ్లుగా ప్రోత్సహిస్తూ వస్తున్నదని పదకొండు గంటలకు పత్రికా ప్రకటన వెలువడింది.

ఆ ఆరేళ్లూ ఆమెకు ఆట నేర్పినవాడు కుప్పుస్వామి. రేణిగుంట రైల్వే పార్శిల్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గర ఉన్న చదరంగం పుస్తకం ఒక్కటే. దాని మొదటి సగాన్ని చెదలు తినేశాయి. కాబట్టి ఆట ఎలా మొదలుపెట్టాలో గురువుకూ సరిగ్గా తెలియదు, శిష్యురాలికీ తెలియదు. మిగిలిన సగమంతా ఆట చివరి ఘట్టం గురించే. బలగమంతా నేలకొరిగి ఇద్దరు రాజులు, ఒక ఏనుగు, రెండు బంట్లు మిగిలాక ఏం చెయ్యాలో మాత్రం ఇద్దరికీ కంఠతా వచ్చు.

"మొదట్లో సావకుండా ఉండు, సాలు పాపా. కడాకు వాళ్లు అలిసిపోతారు. నువ్వు అలిసిపోవద్దు" అనేవాడు కుప్పుస్వామి.

చెన్నైలో జరిగింది అదే. ముప్పయ్యో ఎత్తు దాకా హేమశ్రీ ఎలా బతికి ఉందో చూసినవాళ్లకు అర్థం కాలేదు. అరవయ్యో ఎత్తు దగ్గర ఆ దొర డ్రా చేసుకుందామన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఎనభయ్యో ఎత్తు దగ్గర మళ్లీ అడిగాడు. మళ్లీ ఊపింది. ఏడు గంటలు కూర్చుని నూటనాలుగో ఎత్తుకు ఆయన చేత ఓటమి ఒప్పించింది. ఎక్కడ నేర్చుకున్నావని ఆయన అడిగాడు. "పార్శిల్ ఆఫీస్" అంది హేమశ్రీ. ఆయన ఆ అకాడమీ పేరును శ్రద్ధగా డైరీలో రాసుకున్నాడు.

ఇక సమితి అధ్యక్షులు శ్రీ ఢిల్లీబాబు. పుత్తూరు రోడ్డులో కల్యాణ మండపం వారిది. చదరంగంలో వారు ఇరవై రెండేళ్లుగా ఓటమి ఎరుగరు. ఆ ఇరవై రెండేళ్లూ వారితో ఆడినవాళ్లు మండపం మేనేజరు, వంటమేస్త్రి, వాచ్‌మన్. ముగ్గురూ ఇప్పటికీ ఉద్యోగాల్లో ఉన్నారు.

హేమశ్రీ తండ్రి ధనంజయ పుత్తూరు రోడ్డులో షేర్ ఆటో తోలుతాడు. ఆ మండపం ముందున్న నీడలోనే అతని స్టాండు. అది అధ్యక్షులవారి దయ. సన్మానం తేదీ తెలియగానే హేమశ్రీ ముఖం వాడిపోయింది. సన్మానం మర్నాటి మధ్యాహ్నమే నాగపూర్‌లో దేశపు జట్టుకు ఎంపిక పోటీలు మొదలవుతాయి. ముగ్గురిని తీసుకుంటారు.

"నాయనా, ఆ పొద్దు మూడు ముప్పావుకు రేణిగుంటలో రైలుండాది."

"పదికి మొదలుపెడ్తారంట మా. పన్నెండుకంతా అయిపోతాది. ఆయన పిలిస్తే రామంటే రేపు ఆటో యాడ నిలబెట్టేది?"

హేమశ్రీ బ్యాగు సర్దుకుని సన్మానానికి వెళ్లింది.

మండపంలో పది గంటల సభ, సంప్రదాయం ప్రకారం, పన్నెండూ నలభైకి ప్రారంభమైంది. వేదిక వెనక ముప్పై అడుగుల ఫ్లెక్సీ మీద సమితి సభ్యులు పదకొండు మంది, ఒక చదరంగం గుర్రం చిరునవ్వుతో ఉన్నారు. స్థలాభావం వల్ల అమ్మాయి ఫొటో వెయ్యలేకపోయారు. కుప్పుస్వామి పేరు జాబితాలో లేనందున ఆయనను నీళ్ల క్యాన్ల పక్కన కూర్చోబెట్టారు. గాలి బాగా ఆడే చోటు అదేనని కార్యకర్తలు ఆయనకు నచ్చజెప్పారు.

తర్వాత ప్రసంగాలు. చదరంగం మన దేశంలో పుట్టింది గనుక ఎవరు గెలిచినా మనమే గెలిచినట్టని ఒక వక్త నిరూపించారు. ఒక విద్యాసంస్థ అధినేత మరింత లోతుకు వెళ్లారు. "ఈ చిరంజీవి ఆట చివర్లో అద్భుతంగా ఆడుతుందని విన్నాను. మరి మొదటి నుంచీ ఆడటం దేనికి? సరాసరి చివరి నుంచే మొదలుపెడితే ఎంత విలువైన కాలం కలిసివస్తుంది! మా సంస్థలో పిల్లలకు మేము నేర్పుతున్నది ఇదే." సభ దద్దరిల్లింది. హేమశ్రీ మీద ఏడు శాలువాలు, మెడలో ఒక గజమాల పడ్డాయి. అది మే నెల. ఆమె గోడ గడియారం వైపు చూస్తుంటే, బిడ్డ వినయంతో తల ఎత్తి దేవుణ్ని తలుచుకుంటున్నదని కార్యదర్శి బాలచంద్ర మైకులో వివరించారు.

రెండు గంటలకు ఆమె లేవబోయింది. అప్పుడు బాలచంద్ర ఆనాటి ప్రత్యేక ఆకర్షణను ప్రకటించారు. యూరప్‌ను జయించిన చిన్నారితో అధ్యక్షులవారు స్వయంగా ఒక ఆట ఆడతారు.

బల్ల తెచ్చారు. నల్లగడి ఉండవలసిన మూల తెల్లగడి, రాజు ఉండవలసిన చోట మంత్రి ఉన్నారు. హేమశ్రీ బల్లను తిప్పి, రాజులను వాళ్ల ఇళ్లలో పెట్టింది. ఆటకు ముందు బల్లకు ప్రదక్షిణం చేయించడం మన సంస్కృతి అన్నారు బాలచంద్ర. ఆట సాగింది. అధ్యక్షులవారు ఎత్తు వేసి, అది నచ్చకపోతే వెనక్కి తీసుకున్నారు. పెద్దలకు ఆ వెసులుబాటు సమితి నియమావళిలో ఉంది. నియమావళి ఇంకా అచ్చు కాలేదు.

ఇలాగైతే ఆట ఎప్పటికీ తేలదని హేమశ్రీకి అర్థమైంది. ఆయన దేన్నైనా వెనక్కి తీసుకుంటాడు గాని, తాను చంపిన బలగాన్ని మాత్రం వెనక్కి ఇవ్వడు. అందుకని ఆమె గుర్రానికి గుర్రం, ఏనుగుకు ఏనుగు ఇస్తూ పోయింది. ఆయన చంపిన ప్రతిసారీ సభ చప్పట్లు కొట్టింది. ఆమె కూడా ఒకటి చంపుతున్నదని ఎవరూ గమనించలేదు. మూడు గంటలకు పది నిమిషాల ముందు బల్ల మీద మిగిలినవి ఆయన రాజు, ఆమె రాజు, ఆమె బంటు ఒకటి.

ధనంజయ వేదిక పక్కకు వచ్చి వంగి గొణిగాడు. "డ్రా అనేసి లెయ్ మా. రైలు పోతాది."

సరిగ్గా అప్పుడే అధ్యక్షులవారు మైకు అందుకున్నారు. "బిడ్డ సిన్నది. ఎండకు వాడిపోయుండాది. నేను గెలిచేది ఏముండాదబ్బా! డ్రా ఇచ్చేస్తా ఉండా." సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కొందరి కళ్లు చెమర్చాయి.

హేమశ్రీ బల్ల వైపు చూసింది. చెదలు మిగిల్చిన పుస్తకంలో మొట్టమొదటి బొమ్మ అదే. రాజులిద్దరూ ఒక గడి ఎడంతో ఎదురెదురుగా నిలబడ్డారు. కదలవలసిన వంతు అధ్యక్షులవారిది. అలా నిలబడ్డప్పుడు ముందు కదిలేవాడు దారి ఇవ్వక తప్పదు. ఆ బొమ్మ కింద తెల్లకాయలవారు గెలుస్తారని అచ్చులో రాసి ఉంది. ఇక్కడ తెల్లకాయలు ఆమెవి. ఎనిమిదేళ్ల వయసులో ఆ మాట చదివిన రోజున ఆమెకు ఎంతో ధైర్యంగా అనిపించింది. రైలు కావాలి. నాయనకు స్టాండు కావాలి. రెండూ ఆమెకు తెలుసు. కాని గెలిచిన ఆటను డ్రా అని చెప్పడానికి మనసొప్పలేదు.

"వద్దు సార్. ఎత్తు మీదే. ఆడండి" అంది. మైకు ఆన్‌లో ఉంది.

చప్పట్లు మధ్యలోనే ఆగిపోయాయి. అధ్యక్షులవారు ఎత్తుకు మూడేసి నిమిషాలు ఆలోచించడం మొదలుపెట్టారు. ఎన్నిసార్లు వెనక్కి తీసుకున్నా, రాజు జరగగలిగిన గడులు రెండే. బంటు ఒక్కో మెట్టూ ఎక్కి చివరి వరుసకు చేరింది. హేమశ్రీ దాన్ని తీసి మంత్రిని పెట్టింది.

"ఇదేంది? బంటు మంత్రి అయ్యేదేందబ్బా?" అధ్యక్షులవారికి నిజంగానే ఆశ్చర్యం వేసింది. "ముప్పై ఏండ్లుగా పార్టీలో ఉండా. ఒక్క బంటు మంత్రి అయింది నేను సూడలా!"

నీళ్ల క్యాన్ల పక్క నుంచి ఎవరో నవ్వారు. కుప్పుస్వామే. మూడూ ఇరవైకి ఆట కట్టింది.

సభికులంతా అధ్యక్షులవారి ముఖం వైపు చూశారు. బాలచంద్ర మాత్రం రెండే రెండు క్షణాల్లో తేరుకున్నారు. "ప్రియ సభికులారా! ఒక పసిహృదయం నొచ్చుకోకూడదని, ఇరవై రెండేళ్ల అజేయ చరిత్రను గడ్డిపోచలా త్యజించి, కావాలని ఓడిపోయిన త్యాగమూర్తి మన అధ్యక్షులవారు!" హాలు మారుమోగింది. హేమశ్రీ మెడలోని గజమాలను తీసి అధ్యక్షులవారికి వేశారు. వందన సమర్పణ, దాని తర్వాత గ్రూపు ఫొటో. ఆమె భుజం మీద అధ్యక్షులవారి చెయ్యి బరువుగా ఉంది. ఫొటోగ్రాఫర్లు ముగ్గురు. ఒక్కొక్కరూ ఇంకొక్కటి, ఇంకొక్కటి అన్నారు.

ధనంజయ ఆటోను ఎంత వేగంగా తోలినా, వాళ్లు ప్లాట్‌ఫాం మీదికి పరుగెత్తేసరికి రైలు చివరి పెట్టె వెనక ఎర్రదీపం దూరమవుతూ కనిపించింది. ఇద్దరూ బెంచీ మీద కూలబడ్డారు.

"ఒక్క మాట డ్రా అని ఉంటే ఏం పోయుండును మా?"

"గెలిచే ఆట నాయనా అది."

ధనంజయ ఆమె వైపు తిరిగాడు. "కచ్చితంగా గెలిచేదేనా?"

"పుస్తకంలో ఉండాది."

"అయితే సరేలే" అన్నాడు. లేచి, తర్వాతి రైలుకు జనరల్ టికెట్లు తేవడానికి వెళ్లాడు.

దారి పొడుగునా నిలబడి వెళ్లిన హేమశ్రీ నాగపూర్ హాల్లో అడుగుపెట్టేసరికి, వేళకు రాలేదని మొదటి ఆట ఓడినట్టు రాసేశారు. మిగతా ఎనిమిదింటిలో ఏడు గెలిచింది, ఒకటి డ్రా. అర పాయింటు తేడాతో నాలుగో స్థానం. తిరిగి వచ్చేసరికి మండపం ముందు 'ఇచట ఆటోలు నిలుపరాదు' అన్న కొత్త బోర్డు వెలసింది. సుందరీకరణలో భాగమని తెలిసింది. ధనంజయ ఇప్పుడు అర కిలోమీటరు అవతల ఎండలో ఆటో పెడుతున్నాడు. కూతుర్ని ఒక్క మాటా అనలేదు.

సమితి అత్యవసరంగా సమావేశమై రెండు తీర్మానాలు చేసింది. ఆరంభంలో అమ్మాయి బలహీనంగా ఉన్నదని, మొదటి ఆట ఓడిపోవడమే అందుకు సాక్ష్యమని, ఇకనైనా క్రమశిక్షణతో సాధన చెయ్యాలని మొదటిది. క్రీడాస్ఫూర్తికి ఏటా ఇచ్చే పురస్కారాన్ని తొలి ఏడాది శ్రీ ఢిల్లీబాబు గారికి ప్రదానం చెయ్యాలని రెండోది. రెండూ ఏకగ్రీవం.

'చిన్నారి కోసం ఓడిన పెద్దమనసు' అన్న పేరుతో ఆ గ్రూపు ఫొటో ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతున్నది. మీకూ వచ్చే ఉంటుంది. కళ్లు చెమర్చి, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, నలుగురికి పంపే ఉంటారు. అందులో అధ్యక్షులవారి మోచేతి కింద ముఖం సగం తెగిపోయి నిలబడ్డ ఆ పిల్ల ఎవరని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు.