గీత దాటిన పేజీ

ఆ ఉదయం ప్రూఫులు దిద్దే ఆయన పెట్టుకున్న పని ఒక్కటే. స్నానం చేసి, నిఘంటువులో 'లిమిట్' అన్న మాట ఉన్న పేజీని పదింటికల్లా ప్రెస్సులో ఇచ్చి రావడం. ఆ ఒక్క మాటకే పదకొండు అర్థాలు. వేగానికి లిమిట్, ఓపికకి లిమిట్, కంపెనీలు పేరు చివర తగిలించుకునే లిమిటెడ్... మూడు రోజులు ఎర్రసిరా పట్టుకుని దానితోనే కాపురం చేశాడు. ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారీ అయితే పని ఇంకొకరికి ఇచ్చేస్తానని సంపాదకుడు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఇంట్లో ఉన్నది ఒకటే బల్ల. సగం మీద ఆయన ప్రూఫులు, సగం మీద భార్య కుట్టుపని. కాగితాల మీద దారప్పోగులు పడుతున్నాయని నెల కిందట గొడవపడి, ఆవిడ సుద్దముక్కతోనే నడిమధ్య గీత గీశాడు. గీత దాటిన వస్తువు అది పడ్డ వైపు వాళ్ళదేనని చట్టం కూడా ఆయనే చేశాడు. ఆవిడ నోరెత్తకుండా ఒప్పుకుంది. అప్పుడే అనుమానించాల్సింది.

ఆయన స్నానానికి వెళ్ళగానే ఫ్యాను గాలికి పేజీ గీత దాటింది. అప్పుడే సంపాదకుడు వచ్చాడు. పక్కవీధిలోనే ఉంటాడు, చొక్కాలు ఆవిడ దగ్గరే కుట్టిస్తాడు. పదిన్నరకి పెద్దవాళ్ళతో సమావేశం, కొత్త చొక్కా కాలరేమో వాలిపోతోంది. లోపల వేసే గట్టిగుడ్డ అయిపోయిందని ఆవిడ అంటే, ముళ్ళ మీద ఉన్నట్టు తొందరపెట్టి, బల్ల మీద ఆవిడ వైపున్న దళసరి కాగితాన్ని చూడనైనా చూడకుండా తనే అందించాడు. ఆవిడ దాన్ని మడిచి, కాలరులో పెట్టి కుట్టేసింది. కాగితాలు చదవడం అవతలివైపు వాళ్ళ పని.

స్నానం ముగించి వచ్చిన ఆయనకి పేజీ కనబడలేదు. భార్యని అడిగితే సరిపోయేది. కానీ గీత గీసినవాడు గీత అవతలివాళ్ళని అడుగుతాడా? ఇంతలో చిత్తుకాగితాల బండి వీధి మలుపు తిరిగింది. పేజీ అందులోనే పోయిందనుకుని, గుండీలు పెట్టుకుంటూ దాని వెనక పరిగెత్తాడు. బండి ఆపించి, మూటలన్నీ విప్పించి, వీధంతా కాగితాలు పరిచాడు. కళ్ళజోడు ఇంట్లోనే మరిచిపోయానని అప్పటికిగానీ తెలియలేదు. పేజీ దొరకక, మసిగుడ్డలా తయారై వట్టి చేతులతో ప్రెస్సుకి చేరేసరికి పదికి ఐదు నిమిషాలుంది.

అక్కడ ఇంకో గొడవ నడుస్తోంది. సంపాదకుడి మెడ మీంచి ఎర్రగా కారుతోంది. ఎవరో రక్తమన్నారు. మిషను ఆపేసి, ఆయన్ని బెంచీ మీద పడుకోబెట్టి విసురుతున్నారు. నొప్పేమీ లేదని ఆయనంటే, అదే ప్రమాదమని ఫోర్‌మన్ మరింత హడలగొట్టాడు. చివరికి కాలరు కత్తిరించారు. చెమటకి తడిసిన కాగితం బయటపడింది.

కళ్ళజోడు ఇవ్వడానికి భార్య వెనకాలే వచ్చింది. ప్రూఫులాయన పెట్టుకుని చూస్తే తన పేజీయే. ఎరుపు కాస్త కారింది గానీ పదకొండు అర్థాలూ క్షేమంగా ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది.

"ఇది కాలర్లోకి ఎలా వెళ్ళిందే?"

"నా వైపు పడిందండీ. అందించింది ఈ సారే."

సంపాదకుడు లేచి కూర్చుని, పరువు దక్కించుకుందామని పది దాటిన గడియారం చూపించాడు. "ఏదైతేనేం, పేజీ మళ్ళీ ఆలస్యమేగా."

"ఆలస్యమెక్కడిది సార్?" అంది ఆవిడ నెమ్మదిగా. "ఎనిమిదిన్నరకే మీ మెడకి చుట్టి పంపాం."

ఫోర్‌మన్ దగ్గు వచ్చినట్టు నటిస్తూ మిషను వెనక్కి వెళ్ళిపోయాడు.

నిఘంటువు పని ఆయనకే మిగిలింది. చొక్కాలు మాత్రం సంపాదకుడు ఇంకెక్కడో కుట్టించుకుంటున్నాడు.