రెల్లుపాలెం సాఫ్ట్‌వేర్

ఇకమీదట ప్రపంచ ఆరోగ్యం దివిసీమ నుంచే మొదలవుతుందని ఆరోగ్య ప్రోత్సాహక శాఖ మంత్రి శోభనాద్రి గారు మచిలీపట్నం సభలో ప్రకటించారు. "అగ్రరాజ్యాలన్నీ రెల్లుపాలెం వచ్చి చేతులు కడుక్కోవడం నేర్చుకునే రోజు ఎంతో దూరంలో లేదు!" అన్నారు. ఆ మైకు నాదే. కోడూరులో మైకు సెట్లు అద్దెకిస్తాను. చరిత్ర ఎక్కడ జరిగినా వైర్లు చుట్టుకుంటూ నేను అక్కడే ఉంటాను.

రెల్లుపాలెం నా సొంత ఊరు. కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే వస్తుంది. బోరు వేస్తే ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు. కాలవ నీళ్ళు మా శివారుకి చేరేలోపే అయిపోతాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది. దానికి మూడుసార్లు రంగు వేశారు, నీళ్ళు మాత్రం ఎక్కలేదు. మొన్న వానల్లో సగం ఊరికి విరేచనాలు పట్టుకున్నాయి. ఇడ్లీ బండి పెట్టుకున్న రాహేలు మనవరాలికైతే అవనిగడ్డ తీసుకెళ్ళి సెలైన్ ఎక్కిస్తేగానీ కళ్ళు తెరవలేదు. ఇదంతా పేపర్లో పడ్డాక మంత్రి గారు చాలా బాధపడ్డారు. బాగా ఆలోచించి, మా ఊళ్ళో లేనిది అవగాహన అని కనిపెట్టారు.

అవగాహన తేవడానికి డాక్టర్ సుష్మిత గారిని పంపారు. డాక్టరు అనగానే ముసలివాళ్ళంతా బీపీ చూపించుకోవడానికి లైను కట్టారు. తాను సూది డాక్టరు కాదని, సామాజిక శాస్త్రంలో డాక్టరునని ఆవిడ ఎంతో ఓపిగ్గా చెప్పారు.

"ఆరోగ్యం ఆసుపత్రిలో ఉండదండీ, సమాజంలో ఉంటుంది" అన్నారు మైకులో.

"అందుకేనా మా ఆసుపత్రిలో ఏమీ ఉండదు?" అన్నాడు రొయ్యల చెరువు కాపలా కొండయ్య. వాడికి అప్పుడే అవగాహన మొదలైందని సుష్మిత గారు సంతోషించారు.

రాహేలు లేచింది. "డాక్టరమ్మా, చేతులు కడుక్కోమంటే కడుక్కుంటాం. నీళ్ళేయి?"

"నీళ్ళు హార్డ్‌వేరండీ. అది వేరే శాఖ చూసుకుంటుంది. మాది సాఫ్ట్‌వేర్. మేము మీ బిహేవియర్ మాత్రమే మారుస్తాం."

"సాఫ్ట్‌వేరా?" కొండయ్య మళ్ళీ లేచాడు. "మా పెద్దోడు బీటెక్ చేసి ఖాళీగా ఉన్నాడండీ, మీ దాంట్లో ఏవన్నా..."

కూర్చోబెట్టారు.

మర్నాటి నుంచి శిక్షణ. నీళ్ళ సంగతి వచ్చినప్పుడు చూసుకోవచ్చు, ముందు అలవాటు రావాలన్నారు. ఊరంతా చర్చి ముందు నిలబడి, లేని పంపు తిప్పి, లేని సబ్బు రాసుకుని, చేతి వెనకా వేళ్ళ సందునా రుద్దుకుని, ఆఖరున లేని పంపు కట్టేయాలి. పంపు కట్టేయడం మర్చిపోయిన సూరయ్య చేత మళ్ళీ మొదటి నుంచి చేయించారు. "నీళ్ళు వృథా అయిపోతున్నాయి కదండీ!" అని సుష్మిత గారు నొచ్చుకున్నారు. సూరయ్య సిగ్గుపడి గాలిలో గబగబా పంపు తిప్పేశాడు.

రెండు నెలలకి నార్వే నుంచి ఒక ప్రొఫెసరమ్మ చూడటానికి వచ్చారు. ఆవిడ వెంట మంత్రి గారు, కార్లు, పూలదండలు. నేను పాట పెట్టాను. ఊరంతా ఒక్కసారి పంపు తిప్పింది. ఆవిడ చాలాసేపు చూసి ఇంగ్లీషులో ఏదో అడిగారు.

"నీళ్ళెక్కడున్నాయని అడుగుతున్నారు సర్" అన్నారు సుష్మిత గారు.

మంత్రి గారు తడుముకోలేదు. "భావనలో ఉన్నాయని చెప్పండి."

చెప్పారు. ప్రొఫెసరమ్మ కళ్ళు చెమర్చాయి. దేశదేశాలు తిరిగినా నీళ్ళకి అతీతంగా చేతులు కడిగే ప్రజల్ని ఇంతవరకూ చూడలేదన్నారు. ఇలా కడుక్కుంటే ఎలా అనిపిస్తుందని కొండయ్యని అడిగించారు.

"తువ్వాలు అక్కర్లేదండీ" అన్నాడు వాడు నిజాయితీగా.

దాన్ని సుష్మిత గారు ఏమని అనువదించారో గానీ, ప్రొఫెసరమ్మ వాడి రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు.

భోజనాల్లో పీతల కూర, చేపల పులుసు. తినడం కాగానే వేదిక మీది పెద్దలకి వాటర్ బాటిళ్ళు అందించారు. మంత్రి గారు మోచేతుల దాకా కడుక్కున్నారు. ఆ చేతుల కింద కొండయ్య వినయంగా బిందె పట్టాడు.

"ఏంటయ్యా ఈ అభిమానం!" మంత్రి గారు కదిలిపోయారు.

"అభిమానం కాదండీ, గేదెకి."

ఆ సందడిలోనే రాహేలు ముందుకొచ్చింది. "అయ్యగారూ, మాకు పైపులైను శాంక్షనైందన్నారు?"

"అయిందమ్మా, అయింది. నీ చేతుల్లాగే స్వచ్ఛమైన మాట చెప్తున్నా. బయల్దేరింది."

అది నిజంగానే బయల్దేరింది. వేసవిలో గుడివాడలో కొత్తగా కట్టిన చేతుల శుభ్రత శిక్షణ కేంద్రం దగ్గర రాష్ట్రస్థాయి సభ పెట్టి, మా ఊరి వాళ్ళని రెండు బస్సుల్లో తీసుకెళ్ళారు. రాష్ట్రంలోకెల్లా అతి తక్కువ నీళ్ళు వాడిన గ్రామంగా రెల్లుపాలేనికి జల సంరక్షణ పురస్కారం ఇచ్చారు. షీల్డు రాహేలు చేత పట్టించి, ఫొటో తీయించుకుని, మంత్రి గారు మైకు అందుకున్నారు.

"నీళ్ళు లేకుండానే ఆరోగ్యం సాధించిన ఊరికి పైపులైను ఇవ్వడమంటే, ఆ ఊరి ఆత్మగౌరవాన్ని కించపరచడమే! అందుకే ఆ పైపులైనుని వారి పేరు మీదే, ఇక్కడ, ఈ శిక్షణ కేంద్రం ముందు..."

మీట నొక్కారు. తెర జారింది. రెండంతస్తుల ఎత్తున సిమెంటు చేతులు రెండు ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి. వేళ్ళ సందుల్లోంచి తెల్లగా, చల్లగా, ధారలు కట్టి తియ్యటి నీళ్ళు. ఫౌంటెన్. కింద పాలరాతి మీద 'రెల్లుపాలెం ప్రజలకు అంకితం' అని బంగారు అక్షరాలు.

చప్పట్లు మోగాయి. మా వాళ్ళు మాత్రం కొట్టలేదు, చూస్తూ ఉండిపోయారు. చివరికి రాహేలు వేదిక దిగి వచ్చి, షీల్డుని కొండయ్య చేతిలో పెట్టి, ఫౌంటెన్ గట్టెక్కి, రెండు చేతులూ నీళ్ళలో ముంచింది. ముఖం కడుక్కుంది. దోసిలితో తాగింది. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పలేను. రెండు బస్సుల జనమూ గట్టెక్కారు. సూరయ్య పంచె మోకాళ్ళ పైకి మడిచి ఏకంగా లోపలికే దిగిపోయాడు. ఎవరో బస్సులోంచి ఖాళీ టిన్నులు తెచ్చారు. సెక్యూరిటీ వాళ్ళు విజిల్ ఊదుతూ పరిగెత్తారు. "అమ్మా, ముట్టుకోకూడదు! ఇది చూడ్డానికి మాత్రమే!"

సుష్మిత గారు నా మైకు పక్కనే నిలబడి ఉన్నారు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నారు.

"చూశారా అండీ" అన్నారు. "ఇన్ని నెలల ట్రైనింగూ పోయింది. నీళ్ళు కనపడగానే మళ్ళీ పాత అలవాటుకే వెళ్ళిపోయారు."